రాత్రిపూట తలుపు తీసే ఇల్లు: మన ఊళ్లో గృహహింసకి సాయం ఎలా ఏర్పాటు చేసుకోవాలి

మాది చీపురుపల్లి దగ్గర ఒక ఊరు, కన్నోరిల్లు టెక్కలి వైపు. డ్వాక్రా సంఘం లీడర్‌గా పన్నెండేళ్లు చేశాను, మధ్యలో కొన్నాళ్లు గ్రామ సమాఖ్యలో కూడా ఉన్నాను కాబట్టి ఊళ్లో ఏ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసనే అనుకునేదాన్ని. ఒక వానాకాలం పొద్దున్నే పూలు పట్టుకుని వెళ్తే రాములోరి కోవెల అరుగు మీద మా వెనక వీధి కోడలు ఇద్దరు పిల్లల్ని కొంగులో చుట్టుకుని కూర్చునుంది. రాత్రి పదకొండింటికి ఇంట్లోంచి గెంటేశారట, అప్పట్నుంచి అక్కడే. నాలుగు తలుపులు కొట్టిందట, ఒక ఇంట్లో లైటు వేసి మళ్లీ ఆపేశారట. మా ఇంటికెందుకు రాలేదమ్మా అనడిగితే "మీ ఇంటాయనా మా మావా అన్నదమ్ముల వరస కదత్తా, ఏటనుకుంటారో అని రానేదు" అంది.

విజయనగరంలో హింస పడ్డ ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్ ఉంది, ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 ఉంది, పోలీసులున్నారు, కోర్టు ఉంది, చట్టం ఉంది. కానీ ఆ అమ్మాయికీ వాటికీ మధ్యన ముప్ఫై కిలోమీటర్ల రోడ్డు, ఒక వానరాత్రి, మొగుడి జేబులో ఉండిపోయిన ఫోను ఉన్నాయి. ఆ మధ్యలోది పూడ్చాల్సింది ఊళ్లో ఉన్న మనమే, ఇంకెవరూ రారు, ఎందుకంటే మొదటి గంటలో అక్కడ ఉండేది మనమే కాబట్టి. ఆ తర్వాత ఏళ్లలో మేం ఏం చేశామో, ఎక్కడ తప్పు చేశామో, ఏది పనిచేసిందో రాస్తున్నాను. సంఘం లీడర్లు, ఆశా వర్కర్లు, అంగన్‌వాడీ టీచర్లు, సచివాలయంలో పనిచేసేవాళ్లు, ఏ పదవీ లేకపోయినా పక్కింటి ఏడుపు వినలేక నిద్రపట్టనివాళ్లు, ఎవరైనా చేయొచ్చు.

మా ఊళ్లో అలాంటివి లేవండీ అనేవాళ్లకి ఒక్క మాట. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి సుమారు ముగ్గురు భర్త చేతిలో హింస పడ్డామని చెప్పారు. మన సంఘంలో ఎంతమంది ఉంటాం, పదిమంది. నెలనెలా పొదుపు కట్టడానికి చాప మీద కూర్చున్నప్పుడు ఒకసారి చుట్టూ చూడండి. దేశం మొత్తం మీద చూస్తే దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కడైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే అని కూడా అదే సర్వే చెప్పింది, అంటే మిగతావాళ్లు వచ్చి చెప్తారని కూర్చుంటే చెప్పరు.

ఎవరెవరు ఉండాలి

పెద్ద కమిటీ వద్దు. ప్రెసిడెంటు, సెక్రటరీ, ఫ్లెక్సీ, ఫోటో, ఇవేవీ వద్దు. నలుగురైదుగురు చాలు, కానీ ఆ నలుగురూ నోరు కట్టుకోగలిగినవాళ్లు అయ్యుండాలి. మాటకారితనం, చదువు, పలుకుబడి తర్వాత సంగతి. ఈ మనిషికి ఒక రహస్యం చెప్తే సాయంత్రానికి కుళాయి దగ్గర వినిపిస్తుందా లేదా, అదొక్కటే చూసుకోండి.

రెండో సంగతి వీధులు. మన ఊళ్లలో చుట్టరికాలు ఎలా ఉంటాయో తెలుసు కదా, సగం ఊరు మొగుడి తరఫు బంధువులే. ఆశా వర్కర్ ఎంత మంచిదైనా ఆవిడ అతనికి అక్క వరస అయితే ఆ ఇల్లాలు ఆవిడ దగ్గర నోరు విప్పదు, మా కోవెల అరుగు మీద అమ్మాయి నా దగ్గరికి రానట్టే. అందుకని వేరువేరు వీధుల నుంచి, వేరువేరు కులాల నుంచి మనుషులుండాలి. ఎస్సీ కాలనీలో అమ్మాయి అర్ధరాత్రి పెద్దవీధిలోకి వచ్చి తలుపు కొడుతుందని అనుకోవడం మన అమాయకత్వం, ఆ కాలనీలోనే ఒక మనిషి ఉండాలి. సముద్రం ఒడ్డు మత్స్యకార ఊళ్లలో మగాళ్లు నెలలతరబడి గుజరాత్ వైపు వేటకెళ్లిపోతారు, అక్కడ కొట్టేది మొగుడే కానక్కర్లేదు, మావో మరిదో కూడా అవుతారు, వాళ్ల ఊరి సంగతి వాళ్లలోంచే ఒకరు చూడాలి. మందస, మెళియాపుట్టి కొండల మీద సవర గూడేలైతే ఆ భాష మాట్లాడే మనిషి లేకుండా ఏ పనీ అవ్వదు.

ఇంకొకరు తప్పకుండా కావాలి, ఆటో అతను. నమ్మకమైనవాడు, తాగనివాడు, రాత్రి రెండింటికి ఫోన్ చేసినా ఎందుకూ ఏమిటీ అనడక్కుండా వచ్చేవాడు. మాకు దొరికిన అబ్బాయి వాళ్లమ్మ దెబ్బలు తింటుంటే చిన్నప్పుడు మంచం కింద దాక్కున్నవాడు, వాడికి మేమేం చెప్పనక్కర్లేకపోయింది. కిరాయి మాత్రం ఎగ్గొట్టకండి, సంఘంలో నెలకి మనిషికి పది రూపాయలు పక్కన వేసుకుంటే అదే సరిపోయింది మాకు. పగలైతే 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి ఛార్జీ బెంగ లేదు, ఆధార్ చేతిలో ఉంటే చాలు. రాత్రిదే సమస్య అంతా.

అడిగే పద్ధతి

చాలామంది ఇక్కడే చెడగొడతారు, నేనూ చెడగొట్టాను. ఒకామె చెయ్యి వాచిపోయి సంఘం మీటింగ్‌కి వస్తే అందరి ముందే "ఏటమ్మా మళ్లీ కొట్టాడా" అన్నాను, పాపం అని అన్నదే. ఆమె తర్వాత రెండు మీటింగులు రాలేదు. మూడోసారి కూతురితో డబ్బులు పంపించింది.

ఒంటరిగా అడగాలి. అత్తగారు పక్కనుండగా అడక్కూడదు, బుద్ధి తెలిసిన పిల్లల ముందు అడక్కూడదు, వాళ్లు తెలీక ఇంట్లో చెప్పేస్తారు. ఉపాధి పని దగ్గర మంచినీళ్లు తాగడానికి పక్కకి వచ్చినప్పుడు, ఆశా బీపీ చూడ్డానికి వెళ్లినప్పుడు, పిల్లని అంగన్‌వాడీలో దింపి నిలబడినప్పుడు, పలాస వైపైతే జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి నడిచొచ్చే దార్లో. మొదటే కొడుతున్నాడా అనకండి. "ఇంట్లో ఎలా ఉంటున్నాది, భయంగా ఉంటున్నాదా" అని అడిగి ఊరుకోండి. లేదంటే లేదనే ఊరుకోండి, "ఎప్పుడైనా అవసరమైతే మా తలుపు కొట్టు, ఏ టైమైనా పర్లేదు" అనేసి వేరే మాటలోకి వెళ్లిపోండి. ఆ మాట వాళ్లు గుర్తుపెట్టుకుంటారు, మా దగ్గర ఒకామె అది విన్న పదకొండు నెలలకి వచ్చింది.

అనకూడని మాటలు కొన్నున్నాయి. నువ్వేం చేశావు, మగాడన్నాక, పిల్లల మొహం చూసి సర్దుకుపో, మేం పడలేదా. ఈ చివరిది మనలో పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు, కానీ వినేవాళ్లకి అది తలుపు మూసిన చప్పుడులాగే ఉంటుంది.

కనిపెట్టడానికి ఒక గుర్తు చెప్తాను, ఇది సంఘంలో ఉన్నవాళ్లకే దొరుకుతుంది. ఎప్పుడూ టైముకి కట్టే మనిషి రెండు వాయిదాలు తప్పిందంటే మీటింగ్‌లో నిలదీసే ముందు విడిగా కనుక్కోండి. ఆవిడ పేరు మీద లోను తీయించి మొగుడు పట్టుకుపోవడం, ఇవ్వకపోతే కొట్టడం మన దగ్గర చాలా ఎక్కువ. చట్టం దాన్ని కూడా హింస అనే అంటుంది. 2005 గృహహింస చట్టంలో కొట్టడమే కాదు, తిట్టి అవమానించడం, బలవంతంగా దగ్గరకి రావడం, ఆవిడ డబ్బు ఆవిడ బంగారం లాక్కోవడం, ఖర్చుకివ్వకపోవడం అన్నీ ఉన్నాయి.

ప్రాణం మీదకొచ్చే గుర్తులు వేరే, వీటికి ఆలోచించకూడదు. గొంతు నులిమాడంటే అది అన్నిటికంటే పెద్ద ప్రమాదం, బయట మచ్చ లేకపోయినా లోపల వాపొచ్చి గంటల తర్వాత ఊపిరాడకుండా అవ్వొచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆ చేతులు మళ్లీ గొంతు మీదకొస్తాయి అనే లెక్కలోనే ఉండాలి. పెట్రోలో కిరసనాయిలో చూపించి బెదిరించడం, కత్తి తీయడం, కడుపుతో ఉన్నప్పుడు కొట్టడం, చంపేస్తానని పదేపదే అనడం, ఆవిడ విడిపోతానన్నాక వెంటపడడం, ఇవి కూడా అలాంటివే. ఇంకొకటి, మన ఇళ్లల్లో పురుగుల మందు, గడ్డి మందు వసారాలోనే ఉంటాయి. దెబ్బలు తిని ఏడుస్తున్న మనిషి చేతికి అందేంత దూరంలో. ఆ ఇంటి తలుపు దగ్గర ఎంత మాట్లాడినా ముందు ఆ డబ్బాలు అక్కడ్నుంచి తీయించండి, కల్లాంలోనో పొలం దగ్గర కొట్టులోనో తాళం వేయించండి. చచ్చిపోవాలనిపిస్తుంది అంటే 14416 టెలీమానస్, అది మనసు బాగోలేనివాళ్ల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అవ్వవు. మందు తాగేసిందంటే మాత్రం మాటలొద్దు, 108.

రాత్రి ఏర్పాటు

ఊరికి రెండిళ్లు ఉండాలి, ఒకటి సరిపోదు, ఒకరు ఊరెళ్తే రెండో ఇల్లు. ఆ ఇంటి మగాళ్లు ఒప్పుకున్నవాళ్లై ఉండాలి, లేకపోతే అర్ధరాత్రి అక్కడే ఇంకో గొడవ. మొగుడొచ్చి బయట అరిస్తే తలుపు తీయకుండా, ఎదురు తిట్టకుండా పోలీసుల 112 నంబరు కొట్టే ధైర్యం ఉన్నవాళ్లు. మా దాంట్లో ఒక ఇల్లు రిటైరైన టీచర్ గారిది, ఇంకోటి పిల్లలు హైదరాబాద్‌లో ఉండిపోయిన ఒక ముసలామెది. ఆమె అన్న మాట నాకు గుర్తే, "నాకింకేటి బయమే, తలుపు కొట్టమను" అంది.

ఫోన్ లేని మనిషికి ఒక గుర్తు పెట్టుకోవాలి. మేం పెట్టుకున్నది తలనొప్పి మాత్ర. పిల్లో పిల్లాడో వచ్చి "అమ్మ తలనొప్పి మాత్ర అడగమంది" అంటే చాలు, మిగతావాళ్లకి ఫోన్ వెళ్లిపోయేది. మీ ఊరికి ఏది సహజంగా ఉంటుందో అది పెట్టుకోండి, కానీ ఏ టైములో అడిగినా వింతగా ఉండనిది అవ్వాలి.

సంచీ సంగతి ముందే మాట్లాడాలి, గొడవ లేని రోజున. ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పుస్తకం, సంఘం పుస్తకం, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, ఆవిడ చదువు సర్టిఫికెట్లు, పెళ్లి ఫోటో ఒకటి, శుభలేఖ ఉంటే అది, కన్నోళ్లు పెట్టిన బంగారం బిల్లులు, రోజూ వాడే మందులు. అసలు కాగితాలు ఇంట్లోంచి మాయమైతే అతనికి అనుమానం వస్తుంది కాబట్టి జెరాక్స్ తీయించి ఆ రెండిళ్లలో ఒకచోట పెట్టండి. నంబర్లు కాగితం మీద రాసివ్వండి, ఫోన్‌లో కాదు, ఫోన్ అతను చూస్తాడు. పోలీసుల శక్తి యాప్ 2025 మార్చిలో వచ్చింది, సొంత ఫోన్ ఉన్న అమ్మాయికి మంచిదే, కానీ ఫోన్ రోజూ మొగుడి చేతిలోకి వెళ్లే ఇంట్లో ఆ యాప్ కనపడడమే ఒక గొడవ అవుతుంది, అది ఆవిడే నిర్ణయించుకోవాలి.

ఎవరికి ఫోన్ చేస్తే ఏం అవుతుంది

ఇప్పుడు దెబ్బలు పడుతున్నాయంటే 112. దెబ్బలు ఆగాయి, ఏం చెయ్యాలో తెలీదంటే 181, అది ఆడవాళ్ల హెల్ప్‌లైన్, ఇరవైనాలుగ్గంటలూ ఉంటుంది. పిల్లల మీద చెయ్యి పడినా, పదహారేళ్ల పిల్లకి పెళ్లి ముహూర్తం పెట్టినా 1098. లాయర్ కావాలంటే 15100, ఆడవాళ్లకి ఆదాయం ఎంతున్నా న్యాయసేవాధికార సంస్థ లాయర్‌ని ఉచితంగా ఇవ్వాలి, తెల్లకార్డు చూపించమని ఎవరైనా అంటే అది తప్పు. విజయనగరంలో, శ్రీకాకుళంలో జిల్లా కోర్టు దగ్గరే వాళ్ల ఆఫీసులున్నాయి.

సఖి సెంటర్ అంటే వన్ స్టాప్ సెంటర్, కేంద్రం 2015లో మొదలుపెట్టిన పథకం, జిల్లా కేంద్రంలో ఉంటుంది. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, లాయర్ ఒకేచోట చూస్తారు, అయిదు రోజుల దాకా ఉండనిస్తారు. ఆ తర్వాత కూడా ఉండాలంటే శక్తి సదన్‌కి పంపిస్తారు, ఇదివరకు స్వధార్ అనేవారు. ఆడపిల్లల్ని వెంట తీసుకెళ్లొచ్చు, మగపిల్లాడైతే వయసు నిబంధన ఉంటుంది, బయల్దేరే ముందే ఫోన్‌లో కనుక్కోండి, అక్కడికెళ్లాక పిల్లాడిని వద్దంటే ఆ తల్లి అక్కడ్నుంచే ఇంటికి తిరిగొచ్చేస్తుంది.

ఒక పని ఇవాళే చేయండి. ఏ గొడవా లేని రోజున మీరే 181కి ఒకసారి ఫోన్ చేసి మాది ఫలానా ఊరు, రాత్రిపూట మనిషికి అవసరమైతే ఎవరొస్తారు, ఎంతసేపు పడుతుంది, సఖి సెంటర్ ఎక్కడుంది అని అడిగి రాసుకోండి. మా మండలంలో ఒక్కరూ ఎప్పుడూ చేసి చూడలేదు, చేశాకే మాకు ఎవర్ని నమ్ముకోవాలో ఒక అంచనా వచ్చింది.

నంబర్లు గోడ మీద పెయింట్ చేయించేటప్పుడు రచ్చబండ దగ్గర పెద్దక్షరాలతో రాయిస్తే అధికారులు ఫోటో తీసుకోడానికి బాగుంటుంది, కానీ అక్కడ నిలబడి ఏ ఆడమనిషి చదువుతుంది. అంగన్‌వాడీ బాత్రూం తలుపు లోపలివైపు, సబ్‌సెంటర్‌లో సూదిమందు వేసే గదిలో, టైలర్ అమ్మాయి కొలతలు తీసే మూల, ఇలాంటి చోట్ల చిన్న కాగితం అంటించండి.

ఆసుపత్రి, స్టేషన్, కోర్టు

ఆసుపత్రిలో బాత్రూంలో జారిపడ్డాను అని చెప్పొద్దని ముందే చెప్పండి. ఎవరు కొట్టారో, దేంతో కొట్టారో డాక్టర్‌కి చెప్తే ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు కాగితం రాస్తారు, రేపు కోర్టులో మాట్లాడేది ఆ కాగితమే. కంప్లైంట్ లేకపోతే వైద్యం చెయ్యం అనడానికి వీల్లేదు. దెబ్బలు ఆ రోజు కనపడవు, మర్నాటికి కమిలి నల్లబడతాయి కాబట్టి మర్నాడు ఇంకోసారి ఫోటో తీయాలి, ఆవిడ ఒప్పుకుంటేనే, ఆవిడ నమ్మే మనిషి ఫోన్‌లోనే, వాట్సాప్ గ్రూపుల్లో కాదు.

స్టేషన్ సంగతి నా అనుభవం చెప్తాను. మొదటిసారి ఒకామెని తీసుకెళ్లినప్పుడు నోటిమాటగా చెప్పించాను, "ఇద్దరూ మాట్లాడుకోండమ్మా, మొగుడూ పెళ్లాల గొడవ" అని సాయంత్రానికి పంపించేశారు. ఆ రాత్రి ఆమె ఇంకా ఎక్కువ దెబ్బలు తింది, స్టేషన్‌కి వెళ్లిందని. అది నా వల్లే అయిందని ఇప్పటికీ అనిపిస్తుంది, రాత్రి ఎక్కడుంటుందో చూసుకోకుండా తీసుకెళ్లాను. అప్పట్నుంచి మా పద్ధతి మారింది. ముందు పడుకునే చోటు, తర్వాత కంప్లైంట్. కంప్లైంట్ కాగితం మీద రెండు కాపీలు, ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ. దగ్గరున్న ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అని అడగండి. తీసుకోకపోతే అదే కంప్లైంట్‌ని ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చు, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో చేతికివ్వొచ్చు. నలుగురు కలిసెళ్తే మాట తీరు మారుతుంది, ఇది నేను కళ్లారా చూసింది.

ఇక్కడ ఒక తేడా అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాలి, ఎందుకంటే దీనివల్లే చాలామంది వెనక్కి తగ్గుతారు. "ఆడ్ని జైల్లో ఎడితే నా పిల్లలేటి తింటారు" అంటారు. క్రిమినల్ కేసు వేరు, అది భార్యని హింసిస్తే పెట్టే పాత 498ఏ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85, మూడేళ్ల దాకా శిక్ష. గృహహింస చట్టం కింద వేసేది వేరు, అందులో మొదటే జైలు లేదు. మేజిస్ట్రేట్ దగ్గర ఆవిడ అడిగేది కొట్టకుండా ఆర్డర్, ఇంట్లోంచి గెంటకుండా ఆర్డర్, నెలనెలా ఖర్చుకి డబ్బు, పిల్లలు తన దగ్గరుండేట్టు ఆర్డర్. ఆ రక్షణ ఆర్డర్ దాటితేనే ఏడాది దాకా జైలో, 20,000 దాకా జరిమానానో, రెండూనో. మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా వెయ్యాలి, అరవై రోజుల్లో తేల్చడానికి చూడాలి అని చట్టంలో ఉంది, కోర్టుల్లో ఎక్కువే పడుతుంది, ఆ సంగతి ఆవిడకి దాచకుండా చెప్పండి, కానీ అత్యవసరమైతే మధ్యంతర ఆర్డర్ ముందే అడగొచ్చు. దీనికి పోలీసులే కానక్కర్లేదు, మహిళా శిశు సంక్షేమ శాఖలో రక్షణ అధికారి ఉంటారు, ఐసీడీఎస్ ఆఫీసులో అడగండి, జరిగింది రాసి మేజిస్ట్రేట్‌కి పంపడం వాళ్ల పనే. ఆ సమాచారం ఇంటావిడే ఇవ్వాలని కూడా లేదు, పక్కింటివాళ్లైనా ఇవ్వొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు, అది చట్టంలో రాసుంది.

ఇల్లు నీ పేరు మీద లేదు పో అనే మాట నమ్మకండి. అత్తమావల పేరున ఉన్నా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆవిడ అడగొచ్చని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మొగుడు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిచేస్తూ అక్కడ కొట్టి పంపించేస్తే అక్కడికెళ్లి కేసు వెయ్యక్కర్లేదు, ఇప్పుడు కన్నోరింట్లో ఉంటే ఇక్కడి కోర్టులోనే వెయ్యొచ్చు. వలసెళ్లే ఇళ్లు మన రెండు జిల్లాల్లో ఎన్నున్నాయో చూస్తే ఈ ఒక్క ముక్క ఎంత అవసరమో తెలుస్తుంది. ఇంకా ఈ చట్టం పెళ్లానికే అనుకుంటారు, కాదు. పింఛన్ డబ్బు కోసం కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లి, అన్నదమ్ముల ఇంట్లో ఉండే వితంతువు, వీళ్లు కూడా వెళ్లొచ్చు.

తగువు

పెద్దమనుషుల తగువు లేకుండా మన దగ్గర ఏదీ జరగదు, అది వద్దని నేనంటే వినేవాళ్లు లేరు, కాబట్టి ఎలా ఉండాలో చెప్తాను. ఇప్పుడు జరిగేదేమిటి, మగాళ్లందరూ కుర్చీల్లో, ఆవిడ నిలబడి, పడకగదిలో జరిగిన విషయం కూడా వీధి మధ్యలో చెప్పాలి. చివరికి ఒక తెల్లకాగితం మీద ఇకమీదట కొట్టను అని రాస్తారు, కోవెలకి తప్పు కట్టమంటారు, ఆ తప్పు డబ్బు మళ్లీ ఆ ఇంట్లోంచే, అంటే ఆవిడ కూలి డబ్బుల్లోంచే పోతుంది.

గొంతు మీద, తల మీద, కడుపు మీద దెబ్బలుంటే తగువు వద్దు. బలవంతం జరిగితే వద్దు, పిల్లల మీద చెయ్యి పడితే వద్దు. నేరుగా 112. మిగతావాటికి ఆవిడ కావాలంటేనే కూర్చోండి. ఆవిడ కుర్చీలో కూర్చోవాలి. ఆవిడ చెప్పేది ముందే ఆడవాళ్లు విడిగా విని రాసుకుని ఆవిడ ఒప్పుకున్నంత వరకే చదవాలి. తప్పెవరిదో ఇద్దరికీ సమానంగా పంచకండి, కూర వండలేదన్నదీ చెయ్యి విరగ్గొట్టాడన్నదీ ఒకే తక్కెడలో పెట్టి నీదీ తప్పే నీదీ తప్పే అనడం మన తగువుల్లో ఉన్న పెద్ద జబ్బు. కాగితం రాస్తే ఒక కాపీ ఆవిడకి, మళ్లీ చెయ్యెత్తితే స్టేషన్‌కే అనే మాట అందులో ఉండాలి, పదిహేను రోజులకి ఎవరు చూసొస్తారో పేరు ఉండాలి. విడాకులు అని స్టాంపు కాగితం మీద సంతకం అడిగితే లాయర్‌కి చూపించకుండా పెట్టించకండి.

కొట్టేవాడితో మాట్లాడ్డం కూడా పనే, కానీ తాగున్నప్పుడు కాదు, రాత్రి కాదు. పొద్దున్న చేను దగ్గర, వాడు గౌరవించే మగమనిషి, మేనమావో పాత మాస్టారో, ఒక్కడే వెళ్లి మాట్లాడాలి. "ఆవిడ మాకు చెప్పింది" అని మాత్రం అనకూడదు, "ఊరందరికీ వినిపిస్తుంది, నేను విన్నాను" అనాలి. లేకపోతే ఆ మాటకి ఆవిడే దెబ్బలు తింటుంది.

సారా వల్లే ఇదంతా అంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది, గ్రామసభలో నిలబడి బెల్టు షాపు తీయించమని అడిగే ధైర్యం మనకి అక్కడ్నుంచే వచ్చింది. అడగండి, వీధి లైట్లు కూడా అడగండి. కానీ తాగి కొట్టేవాడు తాగున్నా సర్పంచ్‌ని కొట్టడు, ఇంట్లో మనిషినే కొడతాడు, కాబట్టి మందు ఒక్కటే తీసేస్తే అయిపోయిందనుకుంటే మోసపోతాం. హైస్కూల్లో మగపిల్లలతో మాట్లాడే టీచర్ ఒక్కరు దొరికినా పట్టుకోండి. కొత్త కోడలు ఊళ్లోకొచ్చిన మొదటి ఏడాది నెలకోసారి మన మనిషి ఎవరో ఒకరు పసుపు కుంకం పేరుతోనో పొదుపులో చేర్పించే పేరుతోనో పలకరించి రావాలి, మొదటి చెంపదెబ్బ దగ్గరే ఆ అమ్మాయికి ఊళ్లో ఒక మొహం తెలిసుండడం ఎంత మేలు చేస్తుందో మేం చూశాం.

తిరిగెళ్లిపోతే

ఎక్కువమంది తిరిగి వెళ్తారు. సఖి సెంటర్‌లో మూడు రోజులుండి, కంప్లైంట్ రాసి, నాలుగో రోజు మొగుడు ఏడుస్తూ వస్తే వెళ్లిపోతారు. ఇంత కష్టపడితే ఇలా చేసిందేంటి, ఇంకోసారి రానీ చెప్తాను అని మా గుంపులోనే ఒకామె అంది, ఆ మాట చుట్టూ తిరిగి ఆవిడ చెవిన పడింది, నిజంగానే ఇంకోసారి రాలేదు, దెబ్బలు మాత్రం ఆగలేదు. అందుకని ఇది ముందే మీలో మీరు అనుకోండి, ఎన్నిసార్లు వెళ్లినా ఎన్నిసార్లు వచ్చినా అదే మొహంతో తలుపు తీయాలి. వెళ్లేటప్పుడు జెరాక్స్‌లు మన దగ్గరే ఉంచుకోండి, గుర్తుమాట మార్చండి, ఎందుకంటే ఈసారి పిల్లలు పాతది తండ్రికి చెప్పేసి ఉండొచ్చు. మూడు రోజులకొకసారి ఏదో వంకతో పలకరించండి, సంఘం మీటింగ్‌లో ఆవిడ పక్కన ఎప్పట్లాగే కూర్చోండి.

కోవెల అరుగు మీద అమ్మాయి మొదటిసారి మా దగ్గర్నుంచి పద్దెనిమిది రోజులకే వెళ్లిపోయింది. తర్వాత రెండుసార్లు వచ్చింది, రెండుసార్లు వెళ్లింది. నాలుగోసారి పెద్దపిల్ల మాత్ర కోసం వచ్చింది, ముసలామె తలుపు తీసింది, పొద్దున్నే ఆటోలో విజయనగరం వెళ్లాం. ఇప్పుడు కన్నోరి ఊళ్లో మిషన్ కుట్టుకుంటుంది, నెలనెలా ఖర్చుకి కోర్టు వేసిన డబ్బు ఒక్కోసారి వస్తుంది ఒక్కోసారి రాదు, రానప్పుడు లాయర్‌తో మళ్లీ పిటిషన్ వేయిస్తున్నాం.